చిట్టెపు నేలలో లోహశోధక యంత్రము

బోధను పట్టణము ప్రాచీనమగు అశ్మక జనపదమునకు రాజధానియైన పోదనమని పెక్కుమంది చరిత్రకారుల యభిప్రాయము. అట్టి పట్టణము చుట్టునున్న చేలలో పాతవస్తువులను వెదకఁదలఁచినవారు మెటల్ డిటెక్టరు అని వాడుకలోనున్న లోహశోధక యంత్రములలో ఏది మేలని యడుగుట సహజము. ఈ ప్రశ్నకు యంత్రపు వెల గాని, అది చూచునని చెప్పఁబడు లోఁతు గాని సరియైన ప్రత్యుత్తరము కానేరదు. ముందుగా నేలను చూడవలయును.

యంత్రపు కొననుండు తీఁగచుట్ట నేలలోనికి మాఱుచుండు అయస్కాంత క్షేత్రమును పంపును. దాని వలన లోహఖండమున సూక్ష్మమైన విద్యుత్ప్రవాహములు పుట్టి, వాని క్షేత్రము తిరిగి యంత్రమునకు చేరును. నేల మౌనముగా నున్నచో పని సులభమే. కాని బోధను వైపు నల్లరేగడి మౌనముగా నుండునది కాదు. నల్లరాయి శిథిలమై యేర్పడిన యా మంటియందు మాగ్నటైటు మొదలగు ఇనుప ఖనిజముల రేణువులుండుటచే నేలయే యంత్రమునకు బదులు పలుకును. 1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప నీటిపాఱుదల పొందిన చేలలో తడియు, లవణములును దీనికి తోడగును. తూర్పునఁగల ఎఱ్ఱచెలకల తీరు వేఱు. కావున ఒక చేనియందు సరిచేసిన యంత్రమును మఱియొక చేనియందు మరల సరిచేయక వాడరాదు.

ఈ సరిచేయుటకే గ్రౌండ్ బ్యాలెన్స్ అని పేరు. దానిని చేతితో త్రిప్పి కుదుర్చుకొను వీలులేని యంత్రము, ఎంత వెలగలదైనను, రేగడికి పనికిరాదు. పల్స్ ఇండక్షన్ యంత్రములు ఖనిజపు నేలను చక్కఁగా సహించును గాని ఇనుమును తక్కిన లోహములనుండి వేఱుపఱచుటలో దుర్బలములు. చెఱకుబండ్లు తిరిగిన దారులలో మేకులును, కమ్మిముక్కలును, నాగటి కఱ్ఱులును మెండు, అచ్చట వి.ఎల్.ఎఫ్. అను తరగతి యంత్రమే మేలు. చుట్ట చిన్నదిగా, డబుల్ డి రూపమున నుండవలయును. పెద్దచుట్ట లోఁతునకు పోవునన్న మాట నిజమే. కాని అది నేలను సైతము ఎక్కువగాఁ జూచును, అందుచే కలిగిన లాభము ఆ రొదలోనే నశించును. గ్రహణశక్తిని తగ్గించి నెమ్మదిగా నడచువాఁడు, దానిని పూర్తిగా పెంచి పరుగిడువానికంటె ఎక్కువ కనుఁగొనును.

ఇఁక ఇనుమును త్రోసివేయు మీట సంగతి. దానిని మొదటనే పెంచుఁడని విక్రేతలు బోధింతురు. ఈ మండలమున నది పొరపాటు. సీసపు నాణెములును, పోటిన్ నాణెములును చిన్నవైనచో వాని ధ్వని రేకుముక్కల ధ్వనికి దగ్గఱగా నుండి, మీటతో పాటు మఱుఁగుపడవచ్చును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. నిజామాబాదు మండలమందలి కోనసముద్రము ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన యూరు. అచ్చటి పనిని గూర్చి హెన్రీ వాయిసీ వ్రాసిన వివరణము ఆయన మరణానంతరము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. ఆ యుక్కు పారసీక దేశమునకు పోయెడిది. 2010లో శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్ ప్రభృతులు ఉత్తర తెలంగాణమందలి ప్రాచీన లోహకర్మ స్థలములను పరిశీలించిరి. ఇట్టి స్థలములలో కొలిమి నుండి పాఱిన చిట్టెపు రాళ్లును, మూసల పెంకులునే చరిత్రకు సాక్ష్యములు. ఇనుమును త్రోసివేసిన యంత్రము ఆ చిట్టెమును పనికిమాలిన దానిగా నెంచి ఊరకుండును!

కాఁబట్టి ఇచ్చట మీటను తగ్గించి, ప్రతి ధ్వనిని వినుచు, అవి దట్టముగా నున్న చోటులను పటముపై గుర్తించుటయే పరిశోధకునకు తగిన పని. త్రవ్వుట వేఱు విషయము. 1958 నాఁటి కేంద్ర శాసనము ననుసరించి రక్షిత స్థలములలో అనుమతి లేనిదే త్రవ్వరాదు. తెలంగాణ రాష్ట్రమునకు 2017లో ప్రత్యేక శాసన మేర్పడెను. పైరు కోసిన పిమ్మట, చేని యజమాని యంగీకారముతో, నేల యెండియున్న దినములలో, రెండడుగుల యెడముగా చాళ్ల వెంబడి నడచి, ధ్వని వచ్చిన ప్రతిచోట ఒక పుల్ల నాటి, దాని స్థానమును, ధ్వని తీరును పుస్తకమున వ్రాసికొనిన చాలును; చిట్టెము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఆ పుల్లలే చూపును.