దేశనామాలు – పుట్టుక, వివాదాలు

మనిషికి పేరు తల్లిదండ్రులు పెడతారు. ఊరికి చెరువో, చెట్టో, దేవాలయమో, ఆ ఊరిని కట్టించిన ప్రభువో పేరునిస్తారు. మరి దేశానికి పేరు పెట్టేదెవరు? ప్రపంచంలోని చాలా దేశాల పేర్లు ఒకరు సంకల్పించి పెట్టినవి కావు. ఒక నది పేరో, ఒక తెగ పేరో, పొరుగువారి నోట పలికిన పిలుపో కాలక్రమంలో దేశనామంగా స్థిరపడింది. అలా స్థిరపడిన పేరుతో చరిత్ర, ఆత్మగౌరవం, భూభాగంపై హక్కు పెనవేసుకొంటాయి. అందువల్లనే ఒక పేరు ఎవరిది, దానిని మార్చే అధికారం ఎవరిది అనే ప్రశ్నలు పుట్టినప్పుడు దేశాల మధ్య దశాబ్దాల తరబడి వివాదాలు సాగాయి.

దేశనామాలను స్థూలంగా రెండు విధాలుగా విభజింపవచ్చు. ఒక జాతి తన్ను తాను పిలుచుకొనే పేరు స్వనామం. ఇతరులు ఆ జాతిని పిలిచే పేరు పరనామం. జర్మనీ దేశస్థులు తమ దేశాన్ని ‘డాయిచ్‌లాండ్’ అంటారు. ‘ప్రజలకు చెందినది’ అనే అర్థం గల ప్రాచీన పదం దానికి మూలం. ఫ్రెంచివారు తమకు పొరుగున నివసించిన ‘అలమన్ని’ తెగ పేరుతోనే ఆ దేశాన్నంతటినీ వ్యవహరిస్తారు. పోలండు ప్రజలు వాడే పేరుకు ‘మూగ’ అనే అర్థం గల మాట మూలమని భాషావేత్తలు చెబుతారు. తమకు తెలిసిన భాష మాట్లాడలేనివాడు వారి దృష్టిలో మూగవాడే!

తెలుగువారికి కూడా ఇటువంటి పరనామాలు ఉన్నాయి. ఉత్తర దిక్కున ఉన్నవారు కనుక తమిళులు తెలుగువారిని ‘వడుగులు’ అన్నారు. పోర్చుగీసు పదం నుండి ఏర్పడిన ‘జెంటూ’ అనే పేరుతో ఆంగ్లేయులు ఒకప్పుడు తెలుగు భాషను వ్యవహరించారు. ఓడలెక్కి బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారు, గోదావరీ ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీదుగా, అక్కడ ‘కోరంగీలు’ అయ్యారు. వీటిలో ఏ ఒక్కటీ తెలుగువారు పెట్టుకొన్న పేరు కాదు. పిలిచేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో పరనామం తెలియజేస్తుంది.

మన దేశానికి స్వనామం, పరనామం రెండూ ఉన్నాయి. సింధు నది పేరులోని సకారాన్ని ప్రాచీన పారశీకులు హకారంగా పలికారు. చక్రవర్తి దారియస్ శాసనాలలో ‘హిందుష్’ అనే దేశనామం కనిపిస్తుంది. గ్రీకులు ఆ హకారాన్ని కూడా విడిచిపెట్టి నదిని ‘ఇండోస్’ అన్నారు. దాని నుండి ‘ఇండియా’ ఏర్పడింది. కాబట్టి హిందుస్థాన్, ఇండియా అనే రెండు పేర్లకూ మూలం ఒకే నది.

‘భారత’ శబ్దం దేశీయమైనది. ఋగ్వేదంలో భరతులనే జనసమూహం ప్రస్తావన ఉన్నది. శకుంతలా దుష్యంతుల కుమారుడైన భరతుని వలన ఈ పేరు వచ్చిందని మహాభారత సంప్రదాయం చెబుతున్నది. ఋషభదేవుని కుమారుడైన భరతుని వలన వచ్చిందని జైన సంప్రదాయం చెబుతున్నది. సముద్రానికి ఉత్తరంగా, హిమాలయానికి దక్షిణంగా ఉన్న భూమి భారతవర్షమని విష్ణుపురాణం నిర్వచించింది. కళింగ ప్రభువు ఖారవేలుని హాథిగుంఫా శాసనంలో ఈ పేరు ప్రాకృత రూపంలో కనిపిస్తుంది. అయితే అక్కడ అది ఉత్తర భారతంలోని ఒక భాగాన్ని మాత్రమే సూచిస్తున్నదని చరిత్రకారుల అభిప్రాయం. ఒక తెగ పేరు క్రమంగా విస్తరించి మహాదేశానికి పేరైన తీరు దీనివలన తెలుస్తున్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో అనేక దేశాలు పరనామాలను వదలి తమకు నచ్చిన పేర్లను ప్రపంచం ముందుంచాయి. పర్షియా అనేది ‘పార్స్’ అనే ఒక ప్రాంతం పేరు నుండి గ్రీకులు కల్పించుకొన్న పేరు. ఆ దేశ ప్రజలు అనాదిగా వాడుకొంటున్న ‘ఇరాన్’ అనే పేరుతోనే తమను వ్యవహరించాలని 1935లో ఆ ప్రభుత్వం విదేశాలను కోరింది. ఆంగ్లేయులు గోల్డ్‌కోస్ట్ అని పిలిచిన ఆఫ్రికా దేశం 1957లో స్వాతంత్ర్యం పొంది ‘ఘనా’ అయింది. సిలోన్ 1972లో శ్రీలంకగా మారింది. ఈ ధోరణి నేటికీ ఆగలేదు. స్వాజిలాండ్ 2018లో ‘ఎస్వాతినీ’ అయింది. టర్కీ కోరికను మన్నించి ఐక్యరాజ్యసమితి 2022లో ‘తుర్కియే’ అనే పేరును స్వీకరించింది. ఈ మార్పులను ప్రపంచం పెద్దగా అభ్యంతరం లేకుండా అంగీకరించింది.

అన్ని మార్పులూ ఇంత సులభంగా జరగలేదు. బర్మా ఉదాహరణ ఇందుకు తార్కాణం. అక్కడి సైనిక ప్రభుత్వం 1989లో దేశం ఆంగ్ల నామాన్ని ‘మయన్మార్’గా మార్చింది. ‘బమా’, ‘మ్యన్మా’ అనే రెండు మాటలూ బర్మీ భాషలో ఒకే పదానికి రూపాలు. మొదటిది వ్యావహారికం, రెండవది గ్రాంథికం. గ్రాంథిక, వ్యావహారిక వాదాలను చవిచూసిన తెలుగువారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ‘మయన్మార్’ అన్ని జాతులకూ వర్తించే పేరని సైనిక ప్రభుత్వం వాదించింది. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, 1930వ దశకంలో బ్రిటిష్ పాలనను ఎదిరించిన బర్మీ యువకులు, అన్ని జాతులకూ వర్తించేది ‘బమా’ అనే పేరేనని వాదించారు.

కనుక అక్కడి తగాదా కేవలం పదం గురించినది కాదు. 1988లో ప్రజాస్వామ్యోద్యమాన్ని అణచివేసిన ప్రభుత్వం, మరుసటి ఏడాదే ప్రజలను అడగకుండా దేశం పేరు మార్చిందన్నది ప్రత్యర్థుల ఆక్షేపణ. ఐక్యరాజ్యసమితి, భారతదేశం కొత్త పేరును స్వీకరించాయి. అమెరికా అధికారికంగా పాత పేరునే కొనసాగించింది. ఏ పేరు పలికినా పక్షం వహించినట్లు అర్థం చేసుకొనే పరిస్థితి ఏర్పడింది. 2016లో ఆంగ్ సాన్ సూచీ, విదేశీ దౌత్యవేత్తలు ఏ పేరునైనా వాడవచ్చునని ప్రకటించి ఈ సంకటాన్ని కొంత సడలించారు.

ఒకే పేరును ఇరువురు తమదని చెప్పుకొన్నప్పుడు వివాదం మరింత జటిలమవుతుంది. మాసిడోనియా ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దంలో అలెగ్జాండర్ ఏలిన రాజ్యం మాసిడోనియా. ఆ పేరుగల భూభాగం 1912–13 నాటి బాల్కన్ యుద్ధాల తరువాత గ్రీసు, సెర్బియా, బల్గేరియాల మధ్య పంపకమైంది. సెర్బియాకు దక్కిన భాగం తరువాత యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్ అయింది. 1991లో అది ‘మాసిడోనియా’ అనే పేరుతోనే స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది.

గ్రీసు దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది. అలెగ్జాండర్ తమ వారసత్వమనీ, తమ ఉత్తర ప్రాంతం పేరు కూడా మాసిడోనియాయేననీ, ఈ పేరు వెనుక తమ భూమిపై ఆశ దాగి ఉన్నదనీ గ్రీకులు శంకించారు. తరతరాలుగా తమను తాము మాసిడోనియనులమని చెప్పుకొంటున్నామనీ, ఈ పేరు వదిలితే తమకు వేరొక పేరు లేదనీ అవతలివారు బదులు చెప్పారు. ఇరువురి మాటలోనూ ఆవేదన ఉన్నది.

ఫలితంగా 1993లో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని ‘పూర్వ యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అనే తాత్కాలిక నామంతో చేర్చుకొన్నది. 1994లో గ్రీసు ఆ దేశంతో వాణిజ్యాన్ని నిలిపివేసింది. 1995లో తాత్కాలిక ఒప్పందం కుదిరినా, 2008లో నాటో కూటమిలో ఆ దేశం చేరకుండా గ్రీసు అడ్డుపడింది. ఒక పేరు కారణంగా ఒక చిన్న దేశం అంతర్జాతీయ కూటముల వాకిట ఏళ్ళ తరబడి నిరీక్షించవలసి వచ్చింది.

చివరకు 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు తీరాన ఇరు దేశాలూ ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం 2019 ఫిబ్రవరిలో ఆ దేశం ‘ఉత్తర మాసిడోనియా’ అయింది. మరుసటి ఏడాది నాటోలో చేరింది. ఈ ఒప్పందంలో గమనింపదగిన అంశం ఒకటున్నది. పేరు ఎవరిదో అది తీర్పు చెప్పలేదు. ‘మాసిడోనియా’ అనే మాటకు ఇరు ప్రజలకూ వేర్వేరు అర్థాలున్నాయని గుర్తించింది. గ్రీసుకు సంబంధించి ఆ మాట ప్రాచీన గ్రీకు నాగరికతను, ఉత్తర మాసిడోనియాకు సంబంధించి అక్కడి ప్రజల భాషా చరిత్రలను సూచిస్తుందని వ్రాసుకొన్నారు. అయినప్పటికీ ఇరువైపులా అసంతృప్తి మిగిలింది. 2024లో ఆ దేశాధ్యక్షురాలు ప్రమాణస్వీకారంలో పాత పేరును ఉచ్చరించగా గ్రీసు రాయబారి సభ విడిచి వెళ్ళారు.

పేరును గురించిన చర్చ మన రాజ్యాంగ సభలో కూడా జరిగింది. ‘ఇండియా, అనగా భారత్’ అనే మొదటి అధికరణపై 1949 సెప్టెంబర్ 18న వాదోపవాదాలు సాగాయి. ‘భారత్’ అనే పేరును ముందుంచి, ‘ఇండియా’ను ఆంగ్లభాషలోని పేరుగా పేర్కొనాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. రాయలసీమకు చెందిన కల్లూరు సుబ్బారావు భారత నామాన్ని హృదయపూర్వకంగా సమర్థించారు. ఇండియా అనే పేరుకు మూలమైన సింధునది పాకిస్తానులో ఉన్నది కనుక ఆ దేశాన్నే హిందుస్థాన్ అనవచ్చునని ఆయన చమత్కరించారు. కామత్ సవరణకు అనుకూలంగా 38, ప్రతికూలంగా 51 ఓట్లు వచ్చాయి. రెండు పేర్లూ రాజ్యాంగంలో నిలిచాయి. 2023లో జీ-20 సమావేశాల విందు ఆహ్వానంపై ఆంగ్లంలో కూడా ‘భారత్’ అని ముద్రించినప్పుడు ఆ పాత చర్చ మళ్ళీ మొదలైంది.

ఈ ఉదాహరణలన్నీ పరిశీలిస్తే ఒక సత్యం స్పష్టమవుతుంది. పదం ఎక్కడ పుట్టిందో వ్యుత్పత్తి శాస్త్రం చెప్పగలదు. అది నేడు ఎవరికి చెందాలో చెప్పజాలదు. ‘ఇండియా’ పరాయివారి నోట పుట్టినా, ఆ పేరుతోనే స్వాతంత్ర్యోద్యమం సాగింది. ‘భారత్’ ఒక తెగ పేరుగా పుట్టినా, నేడు కోట్లాది ప్రజల ఉమ్మడి నామమైంది. పేరుకు బలం దానిని వాడే ప్రజల అంగీకారం వలన వస్తుంది. ఆ అంగీకారాన్ని బర్మాలో ఎవరూ అడగలేదు. ప్రెస్పాలో కష్టపడి కొంతవరకు సాధించారు. మన రాజ్యాంగ సభలో చర్చించి, ఓటు వేసి, రెండు పేర్లకూ చోటిచ్చారు. తన పేరుపై తనకెంత మమకారమున్నదో ఎదుటివారికి వారి పేరుపై అంతే మమకారం ఉంటుందని గ్రహించడం ఇటువంటి వివాదాల పరిష్కారానికి తొలిమెట్టు.