రెండిళ్ళ పగ మధ్య పేరిందేవి

"పోరు నష్టం, పొందు లాభం" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పగ పట్టేది ఒకరైతే దాని ఫలితం అనుభవించేది మరొకరు. ఆ మరొకరు చాలాసార్లు ఆ ఇంటి ఆడపిల్లే అవుతుంది. మన పల్నాటి యుద్ధం కథ చూడండి. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు అంటే మన పక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. పేరిందేవి అంటే మాత్రం "ఎవరావిడ?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఒక ఇంట పుట్టి, దానితో వైరమున్న ఇంట మెట్టి, రెండింటి మధ్యా నలిగిపోయిన పిల్ల ఆవిడ.

పిల్లల ఇంగ్లీషు పుస్తకాల్లో రోమియో జూలియట్ కథ ఉంటుంది కదా. షేక్స్పియర్ 1590ల్లో రాసిన నాటకం. వెరోనా అనే ఊళ్ళో రెండు గొప్ప కుటుంబాలకి పడదు. ఒక ఇంటి అబ్బాయి, ఇంకో ఇంటి అమ్మాయి ప్రేమించి రహస్యంగా పెళ్ళి చేసుకుంటారు. పగ వాళ్ళని బతకనివ్వదు. ఇద్దరూ పోయాక గాని తండ్రులు చేతులు కలపరు. ఆ నాటకానికి నాలుగు వందల ఏళ్ళ ముందే, 12వ శతాబ్దం చివర, మన పల్నాట్లో ఇలాంటిదే జరిగింది. కాకపోతే ఇక్కడిది దొంగచాటు పెళ్ళి కాదు. అందరికీ తెలిసిన అల్లుడే, అందరికీ తెలిసిన కూతురే. అయినా పగ ఆగలేదు.

ఒక తండ్రి బిడ్డలే

పల్నాడు వెలనాటి చోళుల ఆడపడుచు మైలమదేవికి అరణంగా వచ్చిన సీమ అని కథ చెబుతుంది. ఆవిడని చేసుకున్న అనుగురాజుకి మరో ఇద్దరు భార్యలు కూడా ఉన్నారు. మైలమదేవి కొడుకు నలగామరాజు. సవతి వీరవిద్యాదేవి కొడుకులు మలిదేవాదులు. తండ్రి పోయాక సవతి అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు వచ్చాయి. రాజ్యం రెండు ముక్కలైంది. గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవుడిది. అక్కడ మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇక్కడ మంత్రి బ్రహ్మనాయుడు.

అన్నదమ్ములు వేరుపడటం వింత కాదు, ఏ ఇంట్లోనైనా ఉండేదే. వేరుపడ్డాక కూడా ఒకరి పొడ ఒకరికి గిట్టకపోవడంతోనే చిక్కంతా వచ్చింది.

పందెం తెచ్చిన చేటు

ఆ మంట మీద కోడిపందెం నెయ్యి పోసింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలని షరతు. మాచర్ల వాళ్ళు ఓడిపోయారు. నాగమ్మ మోసం చేసిందని వాళ్ళ మాట. ఆలుబిడ్డలతో, ఆవుల మందలతో అడవి పట్టారు. అక్కడా వాళ్ళని ప్రశాంతంగా ఉండనివ్వలేదు. మందల మీద దాడి జరిగింది. సంక్రాంతికి సరదా అంటూ ఇప్పటికీ కోళ్ళకి కత్తులు కట్టేవాళ్ళు ఈ కథ ఒకసారి తలుచుకుంటే బాగుండును.

అల్లుడే రాయబారి

ఏడేళ్ళూ గడిచాయి. మా భాగం మాకివ్వండి అని అడగడానికి మాచర్ల వాళ్ళు ఎవరిని పంపారో తెలుసా? కొమ్మరాజు కొడుకు అలరాజుని. అతను నలగామరాజు కూతురు పేరిందేవి భర్త. అల్లుడు వెళితే మామగారు కాదనడు, ప్రాణానికీ భయం ఉండదు అనుకుని ఉంటారు. అల్లుడంటే మన ఇళ్ళలో ఎంత మర్యాద! కాళ్ళకి నీళ్ళిచ్చి, పీట వేసి కూర్చోబెడతాం. అలాంటి అల్లుడు అత్తవారి ఊరికి సంధి మాటలకి వెళ్ళి విషప్రయోగానికి బలైపోయాడు. ఇది నాగమ్మ, నరసింగరాజు పన్నిన ఎత్తు అంటుంది కథ.

ఇప్పుడు పేరిందేవి స్థితి ఆలోచించండి. చంపినవాళ్ళు పుట్టింటివాళ్ళు. చచ్చినవాడు కట్టుకున్నవాడు. ఏడవడానికి అమ్మ ఒడిలోకి పోలేదు. అత్తింట్లో తలెత్తుకుని "నేను మీదాన్నే" అనుకోవాలన్నా గుండె రాదు. చివరికి ఆమె భర్తతో పాటు చితి ఎక్కిందని వీరగాథ. ఆ ఆచారాన్ని మనం మెచ్చుకోనక్కర్లేదు, అది పోయినందుకు సంతోషించాలి. కానీ ఆ పిల్లకి బతకడానికి ఒక్క గడపైనా మిగలకుండా చేసింది రెండిళ్ళ పగే కదా. "ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరిగినట్లు" అన్న సామెత ఇలాంటి చోటే గుర్తొస్తుంది.

తర్వాత వచ్చింది యుద్ధమే. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి తల్లి ఐతాంబ ఆ గొడవలకి దూరంగా పెంచింది. బొంగరాలాటలో ఒకావిడ కాలికి దెబ్బ తగిలి, "ఇక్కడ ఆటలాడేబదులు యుద్ధానికి పోరాదా" అన్నట్లు దెప్పింది. దాంతో కుర్రవాడికి రోషం వచ్చింది. వెళ్ళేముందు భార్య మాంచాల దగ్గరికి వచ్చాడు. అంతవరకు కాపురమన్నది ఎరగని పిల్ల ఆమె. తన సుఖం చూసుకోకుండా అతన్ని యుద్ధానికి సాగనంపింది. మాంచాలని వీరపత్నిగా పొగుడుతాం, మంచిదే. కానీ ఒక్క పూటయినా సరిగా కాపురం చెయ్యని ఆ పిల్ల కష్టం కూడా మనకి గుర్తుండాలి.

నాగులేటి ఒడ్డున కారంపూడిలో జరిగిన పోరులో రెండువైపులా వీరులు కుప్పకూలారు. బాలచంద్రుడూ పోయాడు. ఇంత జరిగాక బ్రహ్మనాయుడు నలగామరాజుని చంపకుండా వదిలేసి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. ఆ క్షమించడమేదో అలరాజు బతికి ఉండగానే రెండువైపులా ఉంటే ఎంత బాగుండేది!

నాగమ్మ ఒక్కతేనా?

ఈ కథలో తప్పంతా నాగమ్మ నెత్తిన వేసేవాళ్ళు చాలామంది. ఆ రోజుల్లో ఒక ఆడది, అందులో భర్త లేనిది, మంత్రి అయి రాజ్యం నడపడం సామాన్యమా? ఆవిడ చేసినవి అన్నీ సరైనవని నేననను. కానీ పందేనికి ఒప్పుకున్నవాళ్ళు, రాజ్యం పంచుకోలేని అన్నదమ్ములు, సంధి వద్దని కత్తి దూసిన కుర్రవాళ్ళు, వీళ్ళంతా మగవాళ్ళే కదా. "ఇంట్లో ఆడవాళ్ళ వల్లే తగాదాలు" అనే మాట అప్పటినుంచీ ఉన్నట్టుంది! మన సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి' నవలే కాక ఈ కథ మీద 'నాయకురాలు' అనే నాటకం కూడా రాశారు. ఆయన, భార్య లక్ష్మీబాయమ్మగారు కలిసి గుంటూరులో ఆడపిల్లల చదువుకోసం శారదా నికేతనం పెట్టారు.

ఒకే చాప మీద అన్నం

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకి ఒక్కో పేరు. కొణతాలని పిలిచే వీరుల ఆయుధాలు తెచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు.

అన్నిటికన్నా మన ఆడవాళ్ళకి నచ్చేది చాపకూడు. బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మాల కన్నమదాసుని దండనాయకుణ్ణి చేశాడు. ఆ గుర్తుగానే ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు పెడతారు. అల్లుడికి మర్యాద చెయ్యవలసిన చోట విషం పెట్టిన కథలోనే, అందరికీ కలిపి అన్నం పెట్టిన సంగతి కూడా ఉంది. పగని పోగొట్టే దారి పెద్దలు కథలోనే చూపించారు.

మన ఇళ్ళలో

ఇప్పుడు రాజ్యాలు లేవు. కానీ పొలం గట్టు దగ్గర, కాలవ నీళ్ళ దగ్గర, మిర్చి కల్లానికి పోయే దారి దగ్గర తగాదాలు ఉన్నాయి. మేనరికం తప్పిందనో, పెళ్ళిలో పిలుపు సరిగా లేదనో ఏళ్ళ తరబడి మాటలు మానేసిన అన్నాచెల్లెళ్ళు ఉన్నారు. మనలో చుట్టరికాలు దగ్గరివి కాబట్టి గొడవపడ్డ రెండిళ్ళ మధ్య ఒక కోడలు ఉండనే ఉంటుంది. అందుకని కొన్ని సంగతులు మన చేతిలో పెట్టుకుందాం.

మొదటిది, కోడల్ని రాయబారం పంపవద్దు. "మీ నాన్నకి చెప్పు, మీ అన్నని అడుగు" అనడం అలరాజుని గురజాల పంపినట్లే. చెప్పవలసింది ఏదైనా పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి.

రెండోది, ఆస్తి తగాదా ఎంత ముదిరినా ఆడపిల్ల రాకపోకలు ఆపకూడదు. పురుడికి, పండక్కి, అమ్మకి ఒంట్లో బాగా లేనప్పుడు వెళ్ళి రానివ్వాలి.

మూడోది, పిల్లల ముందు పాత పగలు తవ్వవద్దు. ఒక్క దెప్పుమాటకే బాలచంద్రుడు కత్తి పట్టాడు.

నాలుగోది, మాటలతో తేలకపోతే చట్టం ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు, దాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న తీర్పు కనుక ఎవరూ ఓడిపోయినట్లు కాదు.

అయిదోది మన చేతి పని. ఈసారి ఇంట్లో శుభకార్యం వస్తే, మాటల్లేని ఆ ఇంటికి కూడా మనమే వెళ్ళి బొట్టు పెట్టి పిలుద్దాం. వస్తే పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకుని వడ్డిద్దాం. రాకపోతే మళ్ళీ శుభకార్యానికి మళ్ళీ పిలుద్దాం. ఏదో ఒకనాటికి వస్తారు.