భోషాణములోని పావలా స్టాంపులు

కొన్ని సంవత్సరముల క్రిందట కోనసీమలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు అరుగుమీద నీళ్ల పళ్ళెమొకటి కనబడినది. నీటిలో చిన్న చిన్న స్టాంపులు తేలుచున్నవి. తపాలా బిళ్ళలు సేకరించు ఆ ఇంటి బాలుడు, తన ముత్తవ్వగారి భోషాణములో దొరికిన కార్డును నానవేసి వాటిని ఊడదీయుచున్నాడు. లెక్కింపగా 27 వచ్చినవి, అన్నియు పావలావి. కార్డుమీది సిరావ్రాత అప్పటికే నీటిలో కలిసిపోయినది. ఆమె పేరు గాని, తేదీ గాని మిగులలేదు.

అవి జాబులకు అంటించు బిళ్ళలు కావు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రభుత్వము పోస్టాఫీసులలో అమ్మిన పొదుపు స్టాంపులు. ఒక్కసారిగా పది రూపాయలు తీయలేనివారు పావలా, అర్ధరూపాయి, రూపాయి స్టాంపులను వీలైనప్పుడు కొని కార్డుపై అంటించుకొనెడివారు. 10 రూపాయలు నిండగానే కార్డునిచ్చి సర్టిఫికెట్టు పుచ్చుకొనవచ్చును. పావలా స్టాంపులైనచో 40 కావలెను. ఆ ముత్తవ్వగారు 6 రూపాయల 12 అణాల వద్ద ఆగిపోయినారు. ఎందుకు ఆగిరో ఆ కార్డు యథాతథముగా ఉన్నచో కొంతయైన తెలిసియుండెడిది.

ఇట్టి పద్ధతి మొదటి యుద్ధమునాడే మొదలైనది. 1917లో వెలువడిన పోస్టాఫీసు క్యాష్ సర్టిఫికెట్టును 7 రూపాయల 12 అణాలకు కొన్నచో అయిదేండ్లకు 10 రూపాయలు వచ్చెడివి. 1940లో పదేండ్ల రక్షణ పొదుపు సర్టిఫికెట్లు, 1943లో పండ్రెండేండ్ల జాతీయ పొదుపు సర్టిఫికెట్లు వచ్చినవి. 1943 నాటి 10 రూపాయలు గడువు తీరునాటికి 15 రూపాయలగును. అయితే ఆలోగా ధరలు పెరిగి ఆ లాభమును చాలవరకు మ్రింగివేసినవి. ఈ మాట ఆనాటి ప్రకటనలలో కనబడదు.

యుద్ధవ్యయమునకు సొమ్ము కూర్చుట ఒక్కటే ప్రభుత్వోద్దేశము కాదు. 1942 మార్చిలో రంగూను పడిపోయి బర్మా బియ్యము ఆగిపోయినది. ‘రంగము’ పోయిన మనవారెందరో కాలినడకను తిరిగివచ్చిరి. ఏప్రిల్ 6వ తేదీన కాకినాడపై జపాను బాంబులు పడినవి. సరకు తక్కువై, నోట్లు ఎక్కువై, ధరలు మండిపోవుచుండగా, చేతిలోని సొమ్మును బజారునకు పోనీయక నిలుపవలెనని పొదుపు ప్రచారము సాగించిరి. అమ్ముకొనుటకు ధాన్యమున్న రైతు చేతికి నాలుగు రూపాయలు వచ్చినవి. కొనుక్కొని తినెడి కూలివానికి పావలా మిగులుటయే గగనము. పైగా, యుద్ధమునకు ధనసహాయము చేయరాదని చాటిన వ్యక్తి సత్యాగ్రహము 1940 అక్టోబరులోనే ఆరంభమైనది. కనుక కార్డు ఉన్న ఇల్లు ప్రభుత్వ పక్షమని, లేని ఇల్లు కాంగ్రెసు పక్షమని తొందరపడి నిర్ణయింపరాదు.

పాత కాగితము దొరికినచో కాలమును గుర్తించుట కష్టము కాదు. విలువ అణాలలో ఉన్నచో అది 1957 ఏప్రిలునకు పూర్వపుది. నయాపైసలలో ఉన్నచో తరువాతిది. 1962 చైనా యుద్ధము నాటి జాతీయ రక్షణ సర్టిఫికెట్లు వేరు. వాటిని వీటితో కలుపరాదు. తపాలా ముద్రలో కాకినాడ ‘కొకనాడ’గాను, ఏలూరు ‘ఎల్లోరు’గాను ఉండవచ్చును. ముద్ర చెరగకుండ చూచుకొనుట అందుకే ముఖ్యము.

స్టాంపులను ఎన్నడును ఊడదీయవద్దు. ఖాళీగడులతో కూడ కార్డు ఉన్నది ఉన్నట్లే ఉండవలెను. జిగురు టేపు అంటించుట, ప్లాస్టికు పూత వేయించుట హానికరములు. మన లంకలలో చెమ్మ, చెదలు ఎట్టివో చెప్పనక్కరలేదు. 1986 వరదలోను, 1996 తుపానులోను తడిసిన కాగితములను ఎండలో పరచి పాడుచేసికొన్నవారు కలరు. తడిసినచో నీడలో, గాలి తగులునట్లు ఆరబెట్టవలెను. పిమ్మట తెల్లకాగితముల నడుమ ఉంచి, పొడిగానున్న ఇనుపపెట్టెలో ఎత్తుగా పెట్టుడు. ఫోటో తీసియుంచుట మంచిది.

దీనికి లక్షలు వచ్చునని చెప్పు దళారీకి అసలు కాగితమును అప్పగింపకుడు. సొమ్ము రావలసియున్నదేమో హెడ్ పోస్టాఫీసులో విచారింపవచ్చును. కాగితమును అచ్చట ఇచ్చినచో రశీదు పుచ్చుకొనుడు. ఇంటిలోని పెద్దవారిని అడిగి, అది ఎవరిది, ఏ ఊరిలో కొన్నది, ఏ పంట సొమ్ముతో కొన్నది వేరొక కాగితముపై పెన్సిలుతో వ్రాసి దానితో జతపరచుడు. కార్డుమీద మాత్రము ఏమియు వ్రాయకుడు.