పునర్నవ – గలిజేరు : కణజాల పరిశీలన

శోథహర ద్రవ్యాలలో పునర్నవది ప్రముఖ స్థానం. అయితే ఆ పేరుతో వైద్యుని చేతికి వచ్చే మూలిక ఏదన్నది చిరకాలంగా వివాదగ్రస్తం. భావప్రకాశం శ్వేత, రక్త భేదాలతో పునర్నవను రెండుగా పేర్కొన్నది. రక్తపునర్నవ బోయర్‌హావియా డిఫ్యూసా. తెలుగున అటికమామిడి, ఎర్రగలిజేరు. శ్వేతపునర్నవగా ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్‌ను, అనగా తెల్లగలిజేరును, పలువురు గ్రహించారు.

హైదరాబాదు పరిసరాలలో, 2019లో నగరపాలక సంస్థగా ఏర్పడిన నిజాంపేట వంటి చోట్ల, ఈ రెండూ ఖాళీస్థలాల కలుపుమొక్కలే. రెండూ నేలను ప్రాకును. రెండింటా ఆకులు అభిముఖం. జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పూత ఉన్నప్పుడు సందేహం లేదు. పునర్నవకు సన్నని కాడలపై చిన్న ఎర్రని పూలు, బట్టలకంటుకొనే జిగురు కాయలు. గలిజేరుకు ఆకు మొదటనే ఒదిగిన ఒంటిపూవు. చిక్కంతా అంగడిలోని ఎండు వేరుముక్కలతోనే.

వేరును అడ్డుగా కోసి చూచిన, రెండింటా నాళికాపుంజాలు వలయాలుగా కనిపించును. ఒకే విభాజ్యకణావళి కాక, ఒకదాని వెలుపల మరొకటి పుట్టుటయే కారణం. వలయాలను బట్టి పునర్నవయని నిర్ణయించుట పొరపాటు. అది కారియోఫిల్లేలిస్ క్రమంలోని పెక్కు మొక్కల సామాన్య లక్షణం.

భేదం స్ఫటికాలలో కలదు. పునర్నవ కణాలలో సూదుల కట్టలు. గలిజేరులో గులాబీపూవు వంటి గుచ్ఛాలు. రెండూ కాల్షియం ఆక్సలేటే: ఎసిటికామ్లంలో కరుగవు, హైడ్రోక్లోరికామ్లంలో బుడగలు రాకయే కరుగును. రసాయన పరీక్ష రెండింటికి ఒకే సమాధానమిచ్చిన చోట ఆకారమే సాక్ష్యం పలికినది. అయోడిన్‌తో పిండిరేణువులు నీలమగును, ఫ్లోరోగ్లూసినాల్–ఆమ్లంతో దారువు ఎర్రబడును. అవి పదార్థమెక్కడున్నదో చెప్పును గాని మొక్క ఏదో చెప్పవు. డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణమూ అంతే. క్షారాభము కలదనును, పునర్నవీనో ట్రయాంథిమీనో తేల్చదు. అందులకు సారమును విడదీయవలసినదే: పునర్నవ వేరులో బోయరవినోన్‌లనే రొటెనాయిడ్‌లు లభించినవి.

నామములూ కొంత తోడ్పడును. పునర్నవ బహువార్షికం, తీగ ఎండినను దుంపవేరు నుండి మరల చిగుర్చును. గలిజేరు ఏకవార్షికం, వానకు విత్తునుండి పుట్టును, కనుక ‘వర్షాభూ’ శబ్దం దానికి మిక్కిలి తగును. నిఘంటువులు ఈ రెండు పదాలను పర్యాయాలుగానూ వాడినందున వ్యుత్పత్తి ఒక్కటే ప్రమాణం కాజాలదు. గలిజేరు వేరు తీవ్ర విరేచనకారి. గర్భిణులకు అపాయకరమని చెప్పబడినది. కషాయానికి పూర్వం వేరుముక్కను సూక్ష్మదర్శిని క్రింద ఉంచవలసినది ఇందుకే.