పేరు మార్చుకున్న పాటగాడు, గొంతు పట్టేసిన జనం

1957 మొదట్లో అమెరికాలో ఒక గ్రామఫోన్ రికార్డు వచ్చింది. పాట 'లవబుల్'. పాడింది డేల్ కుక్ అని లేబుల్ మీద అచ్చేశారు. ఆ పేరుతో అంతకుముందు పాటగాడెవడూ లేడు. అయినా నల్లవాళ్ల చర్చీల్లో పాటలు విని పెరిగినవాళ్లు రికార్డు మీద ముల్లు పెట్టగానే పట్టేశారు. ఇది మన శామ్ గొంతు! సోల్ స్టిరర్స్ అనే క్రైస్తవ గాయక బృందంలో ఆరేళ్లుగా ముందు నిలబడి పాడుతున్న శామ్ కుక్ గొంతు. దేవుడి పాటలు పాడే నోటితో ఒక అమ్మాయి మీద పాట పాడాడు. జనం ఏమనుకుంటారోనని పేరు మార్చాడు. పేరైతే మారింది గానీ గొంతు దాగలేదు.

దళిత అధ్యయనాల పత్రికలో ఈ ముచ్చటెందుకని అడగొచ్చు. శామ్ కుక్ గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. అతని గొంతు పట్టేసిన ఆ జనం ఎవరన్నదే ఇక్కడ మా ప్రశ్న. ఒక క్రైస్తవ పాటల బృందం చుట్టూ చేరిన అభిమానులను 'పిచ్చి భక్తులు' అని తీసిపారేయడం చదువుకున్నవాళ్లకు అలవాటు. మా పల్లెలో చర్చి మైకు దగ్గర చేరే జనాన్ని గురించి విశ్వవిద్యాలయంలో మేము విన్న మాటలు కూడా ఇవే. పైగా ఒకే మనిషికి రెండు పేర్లు ఉండటం అనేది మాకు పుస్తకాల్లో దొరికిన విషయం కాదు.

ముందు బృందం గురించి. సోల్ స్టిరర్స్ 1926లో టెక్సాస్ రాష్ట్రంలో ట్రినిటీ అనే చిన్న ఊళ్లో మొదలైంది. రాయ్ క్రెయిన్ అనే కుర్రాడు పెట్టాడు. వాయిద్యాలు లేకుండా నాలుగు గొంతులు నాలుగు స్థాయిల్లో కలిపి పాడటాన్ని అక్కడ క్వార్టెట్ అంటారు. డబ్బు లేనివాళ్ల సంగీతం అది. పియానో కొనక్కర్లేదు, చేతి చప్పట్లు, కాలి తాళం చాలు. 1937లో ఆర్.హెచ్. హ్యారిస్ చేరాక ఈ బృందం నాలుగు గొంతుల మీద ఐదో గొంతును పెట్టింది. వెనక నలుగురు నేల పరిచినట్టు పాడుతుంటే ముందున్నవాడు పాటను విడిచిపెట్టి తన బాధ చెప్పుకోవచ్చు, ఏడవొచ్చు, ప్రార్థన చేయొచ్చు. చూడటానికి చిన్న మార్పే. దీనితో పాట అచ్చులో ఉన్న కీర్తన కాకుండా సాక్ష్యం అయింది. చర్చిలో సాక్ష్యం అంటే ఏమిటో మన పల్లెల వాళ్లకు చెప్పనక్కర్లేదు.

బృందం 1930ల చివర్లో షికాగో చేరింది. వాళ్ల జనం కూడా అట్లాగే చేరుతున్నారు. 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు పత్తి చేలనూ, మూక హత్యలనూ వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు వలసపోయారు. శామ్ కూడా 1931లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టి, రెండేళ్లకే అమ్మానాన్నలతో షికాగో వచ్చినవాడు. నాన్న పాస్టరు. 1950లో హ్యారిస్ బృందం వదిలి వెళ్లిపోతే, ఆ ఖాళీలోకి ఇరవయ్యేళ్లు కూడా నిండని శామ్‌ని తీసుకున్నారు. 1951 మార్చిలో అతనితో మొదటి రికార్డింగు జరిగింది.

ఇక జనం. వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. వారమంతా తెల్లవాళ్ల ఇళ్లలో అంట్లు తోమి, బట్టలు ఉతికి, వాళ్ల పిల్లలను పెంచేవాళ్లు. మగవాళ్లు పశువుల కబేళాల్లో, ఉక్కు కొలుముల దగ్గర, కార్ల ఫ్యాక్టరీల్లో, రైళ్లలో సామాన్లు మోసే పనిలో ఉండేవాళ్లు. పనిచోట వీళ్లను ఇంటిపేరుతో, 'మిస్టర్', 'మిసెస్' చేర్చి పిలిచేవాళ్లు లేరు. ఎంత వయసొచ్చినా 'బాయ్', 'గాళ్' అనే పిలుపే. మన దగ్గర ముసలివాళ్లను కూడా 'ఒరేయ్', 'ఏమే' అనే పిలుపు లాంటిదే అది. ఆదివారం వచ్చేసరికి అదే మనిషి చర్చిలో 'బ్రదర్', 'సిస్టర్' అవుతుంది. టోపీ, చేతి తొడుగులు, ఇస్త్రీ బట్టలు. ఊరి పెద్దవాళ్లు మన ఆడవాళ్ల ఆదివారం తెల్ల చీర చూసి వెటకారం చేసినట్టే అక్కడా చేసినవాళ్లు ఉన్నారు. ఆ వెటకారం ఎందుకో మనకు తెలుసు.

క్వార్టెట్ల సభను 'ప్రోగ్రాం' అనేవాళ్లు. చర్చిలోనో, నల్లపిల్లల బడి హాల్లోనో, అద్దెకు తీసుకున్న పెద్ద హాల్లోనో జరిగేది. ఒక్క బృందం కాదు, నాలుగైదు బృందాలు వరసగా పాడేవి. ఎవరు ఇంటిని 'పడగొడతారు' అన్నది పోటీ. జనం ఊగిపోయి, లేచి, కేకలేసి, స్పృహ తప్పి పడిపోయేవాళ్లు. వాళ్లను పట్టుకోవడానికి తెల్ల యూనిఫాం వేసుకున్న నర్సు సేవకురాళ్లు నడవల్లో నిలబడి ఉండేవాళ్లు. వాళ్లు కూడా ఆ జనంలోవాళ్లే. కాబట్టి దీన్ని అదుపు తప్పిన గుంపు అనడానికి వీల్లేదు. పడిపోతే పట్టుకునే చేతులు కూడా ముందే ఏర్పాటు చేసుకున్న సమాజం అది. మిగతా ఆరు రోజులు పడిపోవడానికి కూడా హక్కులేని ఒళ్లు వాళ్లవి.

1955 జూలై 22న లాస్ ఏంజెలెస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో జరిగిన ఇట్లాంటి ప్రోగ్రాంను రికార్డు చేశారు. చాలా ఏళ్ల తర్వాత 1993లో అది బయటికొచ్చింది. ఇప్పుడు ఎవరైనా వినొచ్చు. మేము హాస్టల్ గదిలో మొదటిసారి విన్నప్పుడు పాట కంటే ముందు మా చెవిన పడ్డది జనం గొంతు. శామ్ ఒక మాట అంటాడు, హాలు జవాబిస్తుంది. రెండో గొంతు పాల్ ఫాస్టర్ ఆ జవాబును అందుకుని గట్టిగా తిరిగి విసురుతాడు. ఒక పాట ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది. స్టూడియో రికార్డులో మూడు నిమిషాలుండే పాటను ఎనిమిది నిమిషాలు చేసింది ఎవరు? జనమే. మా చర్చిలో కూడా ఒక పల్లవిని ఎన్నిసార్లు తిప్పాలో పాడేవాడు నిర్ణయించడు, ముందు వరుసలో చాప మీద కూర్చున్న అవ్వలు నిర్ణయిస్తారు. వాళ్ల చప్పట్లు ఆగితే పాట ఆగుతుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో దక్షిణాదిలో నల్లవాళ్లకు హోటల్లో గది ఇవ్వరు, భోజనం పెట్టరు. ఎక్కడ బస దొరుకుతుందో చెప్పడానికి 1936 నుంచి 'గ్రీన్ బుక్' అని ప్రత్యేకంగా ఒక పుస్తకమే అచ్చయ్యేది. ఒకే కారులో వందల మైళ్లు తిరిగే గాయకులు రాత్రిపూట ఎక్కడ పడుకోవాలి? అభిమానుల ఇళ్లలోనే. పాట విన్న ఇల్లాలే అన్నం పెట్టి, మంచం ఇచ్చి, పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసి పంపేది. అంటే ఇక్కడ 'అభిమాని' అనే మాట సినిమా హీరో అభిమాని అనే అర్థంలో సరిపోదు. కటౌట్‌కు పాలు పోసేవాడికీ హీరోకీ మధ్య ఉన్న దూరం ఇక్కడ లేదు. బృందం ఆ జనం తిండి తిని బతికింది.

అయితే రికార్డుల డబ్బు ఆ ఇళ్లకు రాలేదు, గాయకులకూ పెద్దగా రాలేదు. సోల్ స్టిరర్స్ పాడిన స్పెషాల్టీ కంపెనీ యజమాని తెల్లవాడు, ఆర్ట్ రూప్. పోనీ నల్లవాడి కంపెనీ అయితే న్యాయం జరిగిందా అంటే, హ్యూస్టన్‌లో పీకాక్ కంపెనీ నడిపిన డాన్ రోబీ నల్లవాడే. ఎవరో రాసిన పాటలను కొనేసి రచయితగా 'డెడ్రిక్ మలోన్' అనే పేరు వేసేవాడు. ఆ పేరు గల మనిషి లేడు, అది రోబీయే. శామ్ భయంతో పేరు దాచుకుంటే రోబీ లాభానికి పేరు పెట్టుకున్నాడు. మనవాడే కదా అని లెక్క అడగడం మానేస్తే ఏమవుతుందో మన ఉద్యమాలకు కూడా అనుభవమే.

మళ్లీ శామ్ దగ్గరికి వద్దాం. 'లవబుల్' కొత్త పాట కాదు. సోల్ స్టిరర్స్‌తో అతనే పాడిన 'వండర్‌ఫుల్' అనే స్తుతిపాట వరసనే తీసుకుని, దేవుడి చోట అమ్మాయిని పెట్టాడు. జనం గుర్తుపట్టడానికి అదొక కారణం. చర్చివాళ్ల లెక్కలో బ్లూస్, ప్రేమ పాటలు 'సైతాను సంగీతం'. దేవుడి వరసను అటు తీసుకుపోవడం చిన్న తప్పు కాదు. కానీ ఇదే చర్చి పాతికేళ్ల కిందట ఎదురు దిశలో వచ్చినవాణ్ని చూసింది. థామస్ డోర్సీ బ్లూస్ పాడి బతికినవాడు. 1930ల్లో ఆ వరసలను చర్చిలోకి తెస్తే పెద్ద చర్చీల పాస్టర్లు మొదట తలుపులు మూశారు. తర్వాత అదే గాస్పెల్ సంగీతానికి పునాది అయింది. అంటే పవిత్రం, అపవిత్రం అనే గీత ఎప్పుడూ ఒకచోట లేదు, దాన్ని జరుపుతూ వచ్చారు.

మన దగ్గర ఆ గీత డప్పు మీద పడింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెద్ద చోటు పురుషోత్తమ చౌదరి గారిది (1803–1890). బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి, కర్ణాటక రాగాల్లో రాశారు. గొప్ప కవే, కాదనం. చర్చి నిండా మాల మాదిగలు, పుస్తకంలో రాగం తాళం పైకులాల సంగీతానివి, డప్పు మాత్రం గుమ్మం బయట! గ్రామదేవత దగ్గర కొట్టేదని మిషనరీలు వద్దన్నారు. వెట్టికి కొట్టించిన వాయిద్యమని మావోళ్లే సిగ్గుపడ్డారు. ఈ రెండో కారణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బ్లూస్ నల్లవాడు తన కోసం పాడుకున్నది. డప్పు మన చేత కొట్టించారు. అందుకే దాన్ని తిరిగి పట్టుకోవడానికి మనకు ఎక్కువ కాలం పట్టింది.

ఇక రెండు పేర్లు. బడి రిజిస్టర్లో వెంకటేశ్వర్లు, చర్చిలో యోహాను. కుల ధ్రువపత్రం మీద ఒక పేరు, సమాధి శిలువ మీద ఇంకో పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్లను షెడ్యూల్డు కులంగా గుర్తించదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సి అన్నారు, ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊళ్లో మాత్రం యోహానుకు వేరే గ్లాసు పెట్టినవాడు అతని బాప్తిస్మం గురించి అడగలేదు. కాబట్టి చర్చి పాటల పుస్తకం మీద పేరు రాసుకునేటప్పుడు కూడా మా ఇంట్లో ఆలోచించేవాళ్లు.

ఐతే ఒక తేడా ఉంది. యోహాను పేరు దాస్తున్నది ఆఫీసు నుంచి. శామ్ పేరు దాచింది తనను ప్రేమించినవాళ్ల నుంచి. తనకు అన్నం పెట్టినవాళ్లకు మొహం చూపలేక. ఆ ప్రయత్నం సాగలేదు. 1957లోనే బృందం వదిలి, ఇంటిపేరు స్పెల్లింగు చివర ఒక అక్షరం కలుపుకుని, సొంత పేరుతోనే 'యూ సెండ్ మి' పాడాడు. దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. తెల్లపిల్లలు కూడా కొన్నారు. పాత జనంలో చాలామంది క్షమించలేదు. తర్వాత ఒకసారి సోల్ స్టిరర్స్ ప్రోగ్రాంలో అతను వేదికెక్కితే, ఇది క్రైస్తవ సభ, ఇతన్ని దించండని హాల్లోంచి అరిచారని చెప్పుకుంటారు. దీన్ని మతఛాందసం అని కొట్టేయడం తేలికే. మాకు అట్లా అనిపించదు. వాళ్ల చేతి పని తెల్లవాడిది, ఒళ్లు నొప్పి వాళ్లది. ఆ గొంతు ఒక్కటే వాళ్లు పెంచుకున్నది, ఎవరికీ అమ్మనిది. అదీ బజారుకు పోయింది. అట్లాగని ఆ అరుపు న్యాయమని కూడా అనలేం. పాటగాడు జనం సొత్తు అనే మాటలో యజమాని వాసన ఉంది. ఇరవయ్యారేళ్లవాడు జీవితాంతం కారు వెనక సీట్లో నిద్రపోతూ పాడాలని కోరడానికి మనమెవరం?

శామ్ కూడా పూర్తిగా వెళ్లిపోలేదు. 1959 ప్రాంతంలో స్నేహితులతో కలిసి సొంత రికార్డు కంపెనీ పెట్టి, మొదట పాడించింది సోల్ స్టిరర్స్ చేతనే. కంపెనీ తెల్లవాడిది కాకుండా పోయింది.

1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హాలిడే ఇన్ హోటల్ అతనికి గది లేదన్నది. ముందే చెప్పి పెట్టుకున్న గది. వదలకుండా గొడవపడ్డాడు. కాసేపటికి పోలీసులు శాంతిభంగం కింద పట్టుకున్నారు. రికార్డులు లక్షల్లో అమ్ముడైనవాడికి కూడా, పదేళ్ల కిందట క్వార్టెట్ కుర్రాడికి దొరికిన జవాబే దొరికింది. అప్పుడైతే అభిమాని ఇల్లు ఉండేది. 1964 జనవరి 30న 'ఎ ఛేంజ్ ఈజ్ గాన కమ్' రికార్డు చేశాడు. వెనక పెద్ద వాద్యబృందం ఉంది, పాడే తీరు మాత్రం చర్చిలో సాక్ష్యం చెప్పే తీరు. ఆ ఏడాది డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లో తుపాకీ గుండుకు చనిపోయాడు. పదకొండు రోజులకు ఆ పాట విడి రికార్డుగా వచ్చింది. పౌరహక్కుల ఉద్యమం దాన్ని తన పాటగా తీసుకుంది. ఇతన్ని దించండి అన్న చర్చీలు కూడా పాడుకున్నాయి.

ఆ విడి రికార్డులో ఒక చరణం తీసేశారు. సినిమా హాలుకూ, ఊరి నడిబొడ్డుకూ వెళ్తే ఇక్కడ తిరగొద్దని తరిమేసిన సంగతి చెప్పే చరణం అది. రేడియోలో విన్నవాళ్లకు అది తెలియదు. అంతకుముందు మార్చిలో వచ్చిన ఆల్బం కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ చరణం ఉంది.