ఒకే పడవ, మూడు తెరచాపలు

జులైలో వానగాలి ఊపందుకునే వేళకు హుస్సేన్‌సాగర్ మీద తెల్లటి తెరచాపలు బారులు తీరతాయి. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ నిర్వహించే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఈ రోజుల్లోనే వస్తుంది. ఆ పోటీల్లో కళ్లు నిలిపి చూడవలసిన పడవ లేజర్. పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.37, ఉత్త పడవ బరువు 59 కిలోలు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే గట్టుకు చేరుతుంది.

కారు మీద కట్టుకుని వెళ్లగలిగే చిన్న పడవ కావాలని 1969లో కెనడాకు చెందిన ఇయాన్ బ్రూస్ తన మిత్రుడు బ్రూస్ కర్బీకి ఫోన్ చేశారు. కర్బీ పడవల రూపకర్త, పత్రికా సంపాదకుడు కూడా. ఫోన్‌లో మాట్లాడుతూనే ఆయన కాగితం మీద గీసిన బొమ్మే లేజర్‌కు తొలి రూపం. తెరచాప కత్తిరించినవారు హాన్స్ ఫాగ్. 1970 అక్టోబరులో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక పందేనికి నమూనాను దింపి, తెరచాప కోత అక్కడే సరిచేసుకున్నారు. 1971 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శన నాటికి అది అమ్మకానికి సిద్ధం. 1996లో ఒలింపిక్స్‌కు చేరింది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇన్ని పడవలు ఒక్కలా ఉండటం ఫైబర్‌గ్లాస్ చలవ. కర్ర పడవలో వడ్రంగి చెయ్యి తేడా తెలిసిపోతుంది. ఇక్కడ అచ్చులో గాజునారు పరిచి, రెజిన్ పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. అడుగు ఒకటి, పైకప్పు ఒకటి; రెండూ అతికితే పడవ. డబ్బున్నవాడు మరింత వేగంగా వెళ్లేలా పడవను చెక్కించుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. నాకు ఈ పడవ మీద గౌరవం కలిగింది అక్కడే.

మరి మనుషులు ఒకే బరువు ఉండరు కదా! గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. పడవ పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టేది నడిపేవారి ఒళ్లే. పడవ నడుమ బిగించిన పట్టీ కింద పాదాలు దూర్చి, తొడలు అంచు మీద ఆనించి, నడుము నుంచి తల దాకా నీళ్ల మీదికి వెనక్కి వాలతారు. పొట్ట కండరాలు వణుకుతున్నా ఒక చేత్తో చుక్కాని, రెండో చేత్తో తాడు వదలకూడదు. 80 కిలోల మనిషి ఆపగలిగే తెరచాపను 45 కిలోల పిల్ల ఆపలేదు.

దీనికి దొరికిన జవాబు చాలా తెలివైనది. పడవ జోలికి పోకుండా తెరచాప మార్చారు. పెద్దది 7.06 చదరపు మీటర్లు, నడిమిది రేడియల్ 5.76, చిన్నది 4.7. అంటే పెద్దది చిన్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. తెరచాపను నిలబెట్టే స్తంభం, మాస్ట్, రెండు ముక్కలుగా ఉంటుంది. పై ముక్క అలాగే ఉంచి కింది ముక్క పొట్టిది వేస్తారు. తెరచాప అంచున ఉన్న గొట్టంలాంటి కుట్టులోకి మాస్ట్‌ను దూర్చడమే, పక్కన బిగించే తీగలు ఉండవు. చిన్న తెరచాపతో గాలి ఒత్తిడి ముందుకు జరిగి పడవ అదుపు తప్పకుండా, 4.7కు కింది ముక్కను కాస్త వెనక్కి వంచి చేస్తారు.

ఇక గాలి సంగతి. నగర శివార్లలోని రావిర్యాల వైపు చుట్టూ ఖాళీ ఉన్న చెరువు గట్టున గాలి ఒక తీరున తగులుతుంది. హుస్సేన్‌సాగర్ చుట్టూ భవనాలు; గాలి తెగి తెగి, దిక్కు మార్చుకుంటూ వస్తుంది. ఇక్కడ నేర్చుకున్నవారు నీటి మీద నల్లబడే గాలి మచ్చను దూరం నుంచే చదవాలి. సంజీవయ్య పార్కు దగ్గరి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో పేదింటి పిల్లలెందరో ఆ విద్య నేర్చారు. ప్రీతి కొంగర అక్కడి నుంచే 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకు, 470 అనే మరో తరగతి పడవలో వెళ్లింది. అవే క్రీడల్లో చిన్న తెరచాప లేజర్‌లో నేహా ఠాకూర్ రజతం, పెద్ద తెరచాపతో విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చారు. పేరు హక్కుల తగాదా వల్ల 2019 నుంచి పోటీల్లో ఈ పడవను ఇల్కా అంటున్నారు: చిన్నది ఇల్కా 4, నడిమిది 6, పెద్దది 7.

పిల్లలు ముందు ఆప్టిమిస్ట్ అనే పెట్టెలాంటి పడవలో మొదలుపెడతారు. పదిహేనేళ్ల వయసుకు ఇల్కా 4లోకి వస్తారు. ఒళ్లు పెరిగేకొద్దీ క్లబ్బు కొనవలసింది మాస్ట్ కింది ముక్క, తెరచాప మాత్రమే.