బాదం పిండి ఇంటనే చేసికొను విధానము

మైదా తగ్గింపదలచిన ఇండ్లలో నేడు కేకులు, బిస్కెట్లు బాదం పిండితో చేయుచున్నారు. మంచిదే. అయితే అంగడిలో పొట్లము కొనుటకంటె ఇంట పొడి చేసికొనుట మేలని నా అభిప్రాయము. పప్పును చూచి మంచిచెడ్డలు తెలిసికొనవచ్చును. పొడియైన పిదప అందులో ఎట్టి పప్పు కలిసినదో ఎవరికెరుక?

బాదమునకు సంస్కృతమున వాతామమని పేరు. ఇది మధురము, స్నిగ్ధము, ఉష్ణము, వాతపిత్తహరము, వృష్యము అని భావప్రకాశము చెప్పినది. కఫమును పెంచుననియు, రక్తపిత్త రోగులకు తగదనియు హెచ్చరించినది. పప్పు బరువులో ఇంచుమించు సగము నూనెయే. పిండి చెడుటకు కారణము ఈ నూనె గాని, మనము మిగిల్చిన తడి గాని అయి ఉండును.

పావుకిలో పప్పు తీసికొని, పుచ్చులు, ముడుతలు పడినవి ఏరివేయవలెను. రెండు మూడు కొరికి చూడుడు. చేదుగా నున్న సరకు విషతుల్యము, వాడరాదు. మరుగు నీటిలో ఒక్క నిమిషముంచి, వెంటనే చన్నీటిలో వేసినచో పొట్టు వ్రేళ్లతో నొక్కగానే జారిపోవును. రాత్రియంతయు నానవేయుట తినుటకు బాగుండును గాని, పిండికి పనికిరాదు. తడి లోపలివరకు దిగి ఒకంతట ఆరదు.

తొందరపడరాని ఘట్టము ఆరబెట్టుటయే. పలుచని బట్టపై పరచి, నీడలో, గాలి తగులుచోట ఒక పగలంతయు ఉంచి, పిదప మూకుడులో సన్నని సెగపై రంగు మారకుండ వేడిచేసి చల్లార్చవలెను. విరిచినచో పప్పు టప్పున విరుగవలెను. మెత్తగా వంగినచో తడి యున్నట్లే. అట్టి పిండికి త్వరలోనే బూజు పట్టును.

పొడి మిక్సీ గిన్నెలో గుప్పెడేసి పప్పు వేసి, ఐదు క్షణములు త్రిప్పి ఆపుచుండవలెను. విడువక త్రిప్పినచో వేడికి నూనె వెలువడి ముద్దయగును. వంటకమునకు కొలిచిన చక్కెరలో ఒక చెంచా పప్పుతో కలిపి వేసినచో ముద్ద కట్టదు. జల్లించి, మిగిలిన రవ్వను మరల త్రిప్పుడు.

ఈ పిండిలో గోధుమ జిగురు లేదు. కనుక గ్రుడ్డు వాడనివారు మైదాలో నాలుగవ వంతు మాత్రమే దీనితో మార్చుకొనవలెను. లేనిచో కేకు పొడిపొడియగును. త్వరగా మాడును గనుక ఓవెన్ వేడిమి కొంత తగ్గింపుడు. నెయ్యి కూడ తగ్గింపవచ్చును.

బాదము ఖరీదైనదని వేయించిన వేరుసెనగపప్పుతో ఇట్లే చేయువారు కలరు. తప్పులేదు, కాని ఏరుటలో మరింత జాగ్రత్త వలయును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, వాటి మేతలోని బూజు పట్టిన వేరుసెనగపిండియే కారణమని తేలినది. అఫ్లాటాక్సిన్ అను ఆ విషము కాలేయమును చెరచును. వేయించుటవలన గాని, ఓవెన్ వేడికి గాని పూర్తిగా నశింపదు. నల్లబడిన, ముడుచుకొన్న, బూజువాసన గల గింజలను జాలిపడక పారవేయవలెను.

గింజలు పడక పెదవులు వాచుట, దద్దుర్లు, ఆయాసము కలుగువారు ఈ పిండివంటలను రుచిచూడనే రాదు. మందాగ్ని, కఫము గలవారు కొద్దిగా మాత్రమే తినవలెను. నెలకు సరిపడ పిండి మాత్రము చేసికొని, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో ఉంచి, తడి చెంచా తగులనీయకుడు. కమరు వాసన వచ్చినచో పిండిని వాడరాదు.